అట్టముక్క మీద ఎర్ర మరక

"ఒరే బామ్మర్దీ, రక్తం పోతోందిరా! ఉన్నపళంగా బయల్దేరు!" అని మా బావ ఫోన్లో అరిచేసరికి చేతిలో ఉన్న స్పానరు ఎక్కడిదక్కడ పడేసి పరిగెత్తాను. అక్కకేమైందోనని దారి పొడుగునా దేవుళ్ళకి మొక్కుతూనే ఉన్నాను. తీరా వెళ్ళి చూస్తే అక్క బాల్కనీలో కులాసాగా బట్టలు ఆరేస్తోంది.

"పైకెందుకొచ్చావురా? రోగి కింద ఉంది," అంది నన్ను చూసి. "సుస్తీ నాక్కాదు, మా సవతికి."

సవతి అంటే మా బావ కారు. కాపురానికొచ్చిన కొత్తలో అక్క సరదాకి పెట్టిన పేరు అది, ఉండగా ఉండగా అదే ఖాయమైపోయింది. "సవతికి స్నానం అయిందా?" "సవతికి షికారు అయిందా?" అని రోజూ సాగదీస్తుంది. బావ నవ్వుతాడు. నేను నవ్వను. పలకా బలపం పారేసి చిన్నప్పుడే మెకానిక్ షెడ్డులో చేరినవాణ్ణి నేను. వయసంతా కార్ల కింద వెల్లకిలా పడుకుని మొహం మీద మడ్డి కార్పించుకున్నవాడికి కార్లని చూస్తే నవ్వెలా వస్తుంది? మొన్నమొన్నటిదాకా నా చేతి పనితనం మెచ్చుకున్నవాళ్ళే ఇప్పుడు కంప్యూటరు పెట్టి చూసే చోటికి పోతున్నారు. అక్కడ కాఫీ కూడా ఇస్తారట. తాగనీ.

మెట్లు దిగి సెల్లారులోకి వెళ్ళాను. బావ కారు పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక అట్టముక్క. దాని మీద అరచేయంత ఎర్ర మరక.

"చూడరా, ఎలా కారుతోందో," అన్నాడు, ఆస్పత్రి వరండాలో బంధువు మాట్లాడినట్టు.

"ఇందుకా ఫోన్లో అంత కేక పెట్టావు? దారిలో నాకే ఏదో ఒకటి అయ్యేది."

"నీకేమైతే ఏముందిరా, నీలాంటివాళ్ళు బోలెడుమంది. ఇది ఒక్కతే."

అది నిజమే, ఒక్కటే. ఆ కారు అసలు బావది కాదు. పురుళ్ళు పోసే పెద్ద డాక్టరమ్మది. పొడుగాటి మీగడరంగు కారు, ముందు రెండు గుండ్రటి దీపాలు, లోపల సోఫాలాంటి సీట్లు. బావ దానికి డ్రైవరు. మా అక్క ఆ డాక్టరమ్మ దగ్గర నర్సు. వేళ కాని వేళ కబురొస్తే డాక్టరమ్మా అక్కా వెనక సీట్లో, బావ ముందు, పరుగో పరుగు. కాన్పు కష్టమైతే తల్లిని అదే సీట్లో ఆస్పత్రికి తెచ్చేవాళ్ళు. అలా తిరిగి తిరిగి వీళ్ళిద్దరికీ పెళ్ళయింది. డాక్టరమ్మ ఆస్పత్రి మూసేసిన రోజున తాళంచెవి బావ చేతిలో పెట్టి, "ఇది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు, నువ్వే ఉంచుకో," అందట. అప్పట్నుంచీ బావ దాన్ని కడుగుతాడు, తుడుస్తాడు, రోజూ సాయంత్రం పార్కు చుట్టూ ఒక తిప్పు తిప్పి తెచ్చి పెడతాడు. పిల్లలున్న ఇంట్లో పిల్లలకి కూడా అంత సేవ జరగదు.

"సరే, కారితే కారింది. ఈ వయసులో మనకీ కీళ్ళు నొస్తాయి. ఇంత ఏడుపెందుకు?" అన్నాను.

బావ తల దించుకున్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. సెల్లారుకి కొత్తగా గచ్చు చేయించారు, అద్దంలా నున్నటిది. మూడో అంతస్తు టీచరమ్మ స్కూటరు ఈ ఎర్ర ఆయిలు మీద సర్రున జారిందట. ఆవిడకేమీ కాలేదు గాని సంచిలో టమాటాలన్నీ సెల్లారు నలుమూలలకీ దొర్లాయట. దాంతో అపార్ట్‌మెంటు కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు మర్యాదగానే చెప్పాడట: "కారు కింద అట్టముక్క పెట్టండి డ్రైవరుగారూ. ఆదివారం పొద్దున మేమొచ్చి చూస్తాం. ఒక్క చుక్క కనబడినా కారు వేరే చోటు చూసుకోవాలి."

వేరే చోటు ఎక్కడుంది? నా షెడ్డున్న సందులో ఈ కారు మలుపు తిరగదు. వీధిలో పెడితే ట్రాఫిక్ వాళ్ళు ఊరుకోరు. ఉన్నదల్లా ఒక్కటే దారి, ఆ దారి అప్పటికే టేపు పట్టుకుని వచ్చి కారు పొడుగూ వెడల్పూ కొలుచుకుని పోయింది. కూడలిలో కొత్తగా హోటలు పెట్టినాయన. ఇంజిను పీకేసి, పై కప్పు కోసేసి, హాలు మధ్యలో పెట్టి లోపల బల్ల వేస్తాడట.

"వెనక సీట్లో కూర్చుని ఐస్‌క్రీం తింటార్ట్రా," అన్నాడు బావ. "ఎంతమంది తల్లుల్ని మోసిన సీటురా అది. దాని మీద ఐస్‌క్రీం!"

నేను అట్టముక్క చేతిలోకి తీసుకున్నాను. బావ మీద జాలేసి కాదు. ఇంజిను పీకేస్తానన్నవాణ్ణి చూస్తే ఒళ్ళు మండింది.

ముందు పారుతున్నదేంటో తేల్చుకోవాలి. తెల్ల గుడ్డ పీలిక మరకకి అద్ది వెలుతురులో పెట్టాను. ఇంజినాయిలైతే నల్లగా ఉంటుంది. రేడియేటరు నీళ్ళైతే పచ్చగా, జిడ్డు లేకుండా ఉంటాయి. ఇది ఎర్రగా, పల్చగా, వేళ్ళ మధ్య పట్టులా జారుతోంది. గేర్‌బాక్సుదే. ఈ కారుకి క్లచ్చు ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. ఆ మార్చే పనంతా చేసేది ఈ ఎర్ర ఆయిలే.

ఇంతలో అక్క టీ పట్టుకుని కిందికొచ్చింది. "ఆ ఎర్రది పోతే ఏమవుతుందిరా?" అంది, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"తగ్గితే గేర్లు జారతాయి. మరీ తగ్గితే లోపల ప్లేట్లు మాడిపోతాయి. ఒకసారి మాడిందా, ఈ గేర్‌బాక్సు మళ్ళీ లోకంలో ఎక్కడా దొరకదు. హోటలాయనకి ఫోన్ చేసుకోవడమే," అన్నాను కసిగా. నాకు ఎవరేమడిగినా కసిగా చెప్పడమే అలవాటు.

అక్క కప్పులు తీసుకుని వెళ్ళిపోయింది.

కారుని జాకీతో లేపి, నాలుగువైపులా స్టాండ్లు పెట్టి, చక్రాలకి దుంగలు అడ్డం వేసి కిందికి దూరాను. గేర్‌బాక్సు అడుగంతా మడ్డి, దుమ్ము, ఎప్పటిదో జిడ్డు. అంత మురికిలో ఏది పుండో ఏది మచ్చో తెలియదు. కిరసనాయిలూ బ్రష్షూ పెట్టి కడిగాను. ఆరాక అక్క మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి ఆ అడుగంతా చల్లాను.

"నా పౌడరు నా సవతికా!" అని పైనుంచి కేక వినబడింది.

"ఒక్కరోజు దానికీ సోకు చెయ్యనియ్యవే!" అని బావ ఇక్కణ్ణుంచి అరిచాడు.

బావని సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కించి, ఇంజిను నడిపిస్తూ గేర్లన్నీ ఒకటొకటిగా వేయించాను. నేను టార్చి పట్టుకుని కింద పడుకున్నాను. తెల్లటి పౌడరు మీద చూపు నిలిపి రెప్ప వేయకుండా చూస్తుంటే కాసేపటికి వెనక మూల సన్నటి ఎర్ర గీత ఒకటి మెల్లగా దిగింది. గేర్‌బాక్సు అడుగున ఆయిలు నిలవుండే రేకు తొట్టి ఉంటుంది, మేం చాంబరు అంటాం. దాని అంచున గీత. చాంబరుకీ పైబాడీకీ మధ్యనుండే ప్యాకింగు పోయింది.

"దొరికాడు దొంగ!" అన్నాను.

"నువ్వు డాక్టరువిరా! ఎంబీబీఎస్సువిరా!" అన్నాడు బావ. పొగిడేడో వెక్కిరించేడో ఆయన మాటల్లో ఎప్పుడూ తెలిసి చావదు.

అక్క బట్టలు నానేసే బేసిన్ కింద పెట్టి ఆయిలంతా దింపాను. ("అది మళ్ళీ నా గడప తొక్కకూడదు," అంది అక్క. బేసిన్ గురించో నా గురించో చెప్పలేదు.) చాంబరు ఊడదీస్తే అడుగున బూడిదలాంటి మెత్తటి నలుసు కొంచెం ఉంది. అది వయసు, రోగం కాదు. పాత ప్యాకింగు మాత్రం ఎండుటాకులా చేతిలో పొడిపొడి అయింది. అలాంటిది బజార్లో దొరకదు. సీసా బిరడాలు చేసే కార్కు షీటు కొని, చాంబరు అంచు మీద పరిచి, సుత్తి గుండ్రటి తలతో అంచెమ్మట తట్టుకుంటూ పోతే ప్యాకింగు దానంతటదే అచ్చు తెగుతుంది. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే తెగదు. ఈ తట్టడం ఏ కంప్యూటరుకి వచ్చో నాకు చూపించమనండి.

బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. కొత్త ఆయిలు పోశాను. ఇంజిను బాగా వేడెక్కాక, అది నడుస్తుండగానే, ఆయిలు కొలిచే పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాను. సరిగ్గా పై గీత మీద. ఒక వెంట్రుక అటూ లేదు, ఇటూ లేదు. మిగిలిన ఆయిలు డబ్బా అక్క బాల్కనీలో పెట్టి, కారు కింద కొత్త అట్టముక్క వేసి, "రేపట్నుంచి ఈ అట్ట మీద పసిపిల్లని పడుకోబెట్టుకోవచ్చు," అని చెప్పి ఇంటికి పోయాను. అంత మాట ఎందుకన్నానో. నోటి దురద.

మర్నాడు పొద్దున్నే ఫోను. "డాక్టరుగారూ, పసిపిల్ల పక్క తడిపింది," అన్నాడు బావ.

వెళ్ళి చూస్తే అట్ట మీద పళ్ళెమంత మరక. నాకు తల తీసేసినట్టయింది. చాంబరు అంచు తడిమి చూస్తే పొడిగానే ఉన్నట్టుంది. మళ్ళీ అంతా కడిగి పౌడరు చల్లి చూడాల్సింది. కాని ఒకసారి దొంగని పట్టినవాణ్ణి, రెండోసారి వెతుకుతూ బావ కళ్ళ ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయింది. "గేర్‌బాక్సునుంచి రేడియేటరుకి పోయే సన్న పైపులున్నాయి చూడు, వాటి జాయింట్లు. నేను ముందే అనుకున్నా," అని కోతలు కోసి, కొత్త వాషర్లు వేసి బిగించేశాను. ఆ పనిలో పోయింది నాలుగు చుక్కలే కాబట్టి ఆయిలు కొలత కూడా చూళ్ళేదు.

ఆ మర్నాడు మరక విస్తరంత అయింది.

అన్నిటికన్నా నన్ను కోసేసిందేమిటంటే, ఈసారి బావ ఏమీ అనలేదు. వెక్కిరించలేదు, డాక్టరన్లేదు. ఒక మెత్తటి గుడ్డ తెచ్చుకుని కారు అద్దాలు తుడుస్తున్నాడు.

"ఏంటి బావా, ఇప్పుడెందుకు?"

"ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలి కదరా," అన్నాడు. "ఆదివారం ఆ హోటలాయన్ని కూడా రమ్మన్నాను. పోనీలే. నువ్వు చెయ్యగలిగింది నువ్వు చేశావు."

నా పని బాలేదంటే పడతాను, తిరిగి నాలుగు అంటాను. చేయగలిగింది చేశావన్నవాణ్ణి ఏం చెయ్యాలి? ఆ రోజంతా నా షెడ్డుకి వచ్చిన ప్రతివాడి మీదా అరిచాను.

శనివారం పొద్దున, బావ ఇంకా లేవకముందే, ఒక్కణ్ణే సెల్లారుకి వెళ్ళాను. మరక ఇంకా పెరిగింది. ఇన్ని రోజులు ఇంత కారింది కదా, లోపల అసలెంత మిగిలిందో చూద్దామని ఇంజిను నడిపి, వేడెక్కనిచ్చి, పుల్ల తీశాను. సగానికి పడిపోయి ఉంటుందనుకున్నాను.

పై గీత దాటి బెత్తెడు పైకి ఎర్రగా తడిసి ఉంది పుల్ల.

తుడిచి మళ్ళీ ముంచాను. అంతే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అంతే. చిల్లు పడ్డ కుండలో నీళ్ళు పెరగడం ఎక్కడైనా ఉందా?

అప్పుడు బుద్ధొచ్చి, మొదట్లో చేసినట్టే అడుగంతా కడిగి పౌడరు చల్లి, టార్చి పట్టుకుని పడుకున్నాను. ఈసారి గీత చాంబరు దగ్గర మొదలవలేదు, పైపుల దగ్గరా మొదలవలేదు. పైనుంచి దిగింది. గేర్‌బాక్సు నెత్తిన వేడికి ఊపిరాడ్డానికి చిన్న గొట్టం ఒకటుంటుంది. ఆయిలు మోతాదు మించితే లోపల తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి, ఆ నురగ పొంగి ఈ గొట్టంలోంచి బయటకొస్తుంది. పాలు పొంగినట్టే. సాయంత్రం బావ తిప్పే తిప్పులో పొంగి, తెల్లారేదాకా తీరిగ్గా వీపు మీంచి కారి అట్ట మీద పడుతోంది. నా ప్యాకింగు బంగారంలా ఉంది. పైపులు ఏ పాపం ఎరగవు.

మరి ఎక్కువెలా అయింది? నేను కొలిచే పోశానే?

ఆయిలు పోసేదీ ఆ పుల్ల ఉండే గొట్టంలోంచే. దాని మూతి దగ్గర టార్చి వేసి చూశాను. జిడ్డుకి అతుక్కుని నల్లటి నలుసొకటి కనబడింది. వేలితో తీసి అరచేతిలో పెట్టుకున్నాను. గుండ్రంగా ఉంది. గోటితో నొక్కితే టప్‌మంది.

ఆవగింజ.

నా షెడ్డులో దొరకని వస్తువులు చాలా ఉన్నాయి, వాటిలో ఆవగింజ ఒకటి. మెట్లెక్కి తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర ఉంది.

"అక్కా, నీ గరాటు ఒకసారి ఇస్తావా?"

"గరాటెందుకురా?"

"ఆవాలు సీసాలో పోసుకోవాలి."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. నా మొహం చూసింది, గుప్పిట చూసింది. గుప్పిట విప్పాను. ఆ ఎర్ర తడిలో ఆవగింజని చూసి, ముందు పడగ్గది వైపు చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"గట్టిగా అరవకు. ఆయన లేస్తారు."

"ఎంత పోశావు?"

"ఎంతో కాదురా. నువ్వు బాల్కనీలో పెట్టిన డబ్బాలోంచి, నువ్వు పోసిన గొట్టంలోనే, కారినంతే పోశా. పాల కోసం దిగినప్పుడు అట్ట చూసేదాన్ని. అంత మరక కనబడితే అయ్యో ఇంత పోయిందే అని, పెద్ద గ్లాసుడు పోసేదాన్ని. సాయంత్రం ఆయన తిప్పి తెచ్చాక ఇంకో గ్లాసు. ఏంట్రా అలా చూస్తావు? నువ్వే కదా అన్నావు, తగ్గితే లోపల మాడిపోతుంది, మళ్ళీ దొరకదు అని!"

చెంచాతో నూనె తీసుకుని గూట్లో ఉన్న ఖాళీ అట్టపెట్టె మీద పోశాను. అది మా ఇద్దరి కళ్ళ ముందే మెల్లగా పాకి, పాకి, పళ్ళెమంత అయింది.

"ఒక్క చెంచానే?" అంది అక్క నోరు తెరిచి.

"ఒక్క చెంచానే. మొదటి రోజు మరక అసలు గేర్‌బాక్సులోంచి కారిందే కాదు. ఎప్పుడో పైన చట్రంలో దాక్కున్న పాత ఆయిలు చుక్క చుక్క జారింది. దానికి నువ్వు గ్లాసు పోశావు. అది పొంగింది. పొంగింది కదాని ఇంకో గ్లాసు. వైద్యమే రోగం అయింది."

అక్క స్టూలు మీద కూలబడింది. కాసేపు అట్టపెట్టె వంకే చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. చప్పుడు బయటకి పోకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా, కళ్ళెమ్మట నీళ్ళొచ్చేలా.

"నేను చంపబోయాన్రా దాన్ని! సవతీ సవతీ అంటూ నిజంగానే చంపేసేదాన్ని!"

"అసలు నీకెందుకు? పోతే పీడా పోయిందనుకోవచ్చుగా. రోజూ అంటూనే ఉంటావు."

"అంటే?" నవ్వు తుడుచుకుంది. "ఆ కారులో డాక్టరమ్మ పక్కన ఎడమవైపు కూర్చునేదాన్ని, ఒళ్ళో మందుల పెట్టె పెట్టుకుని. ఈయన ముందద్దం, అదే వెనక రోడ్డు చూసుకునేది, సర్దేవారు. రోడ్డు చూడ్డానికి అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత తెలిసింది, ఆ అద్దంలో రోడ్డు కాదు, నేను కనబడతానని. ఆ సీట్లో ఎవడో కూర్చుని ఐస్‌క్రీం తినడమేంట్రా?" తర్వాత వేలు చూపించింది. "కాని ఈ సంగతి ఆయనకి చెప్పావంటే నిన్ను ఈ గుమ్మం ఎక్కనివ్వను. ఇన్నేళ్ళూ సవతీ అని ఆడించాను. నేనే దొంగచాటుగా పాలు పట్టానని తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు."

"మరి బావకేం చెప్పను? ఇన్నిసార్లు ఊడదీసి బిగించానే, తప్పెవరిదని చెప్పను?"

అక్క అమాయకంగా చూసింది. చిన్నప్పుడు నా వాటా కూడా తినేసి అలాగే చూసేది.

"నీదే అని చెప్పరా. ఎలాగూ నమ్ముతారు."

చూశారా నా తలరాత? జీవితంలో ఒక్కసారి నా పని మచ్చలేనిదని రుజువైతే, అది నోరు విప్పి చెప్పుకునే యోగం లేదు.

అక్క పాత నర్సు పెట్టెలోంచి పెద్ద సిరంజి, సన్న గొట్టం తీసిచ్చింది. పుల్ల ఉండే గొట్టంలోకి దాన్ని దించి, ఎక్కువైన ఆయిలంతా లాగి లాగి సీసాలోకి వదిలాను. అక్క పక్కన నిలబడి, "మెల్లగా, మెల్లగా, బుడగ రానివ్వకు," అని పేషెంటుకి చేసినట్టే చెప్పింది. ఇంజిను నడిపి కొలిచాను. పై గీత. ఊపిరి గొట్టం, వీపు, చట్రం సందులూ అన్నీ కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొత్త అట్ట వేశాను.

బావ లేచి కిందికొచ్చాడు. నేను గొంతు సవరించుకున్నాను. "తప్పు నాదే బావా. ఆయిలు ఎక్కువ పోశాను. కొలత తప్పాను."

బావ నన్ను ఎగాదిగా చూశాడు. నేను తప్పు ఒప్పుకోవడం ఆయన చూడ్డం అదే మొదలు. "జ్వరం గాని తగిలిందా?" అని నుదురు పట్టి చూశాడు. నమ్మాక మాత్రం మొహం విచ్చుకుంది. ఇక చూస్కోండి. "గీతలు దిద్దమని బడికి పంపితే పారిపోయావు, ఇప్పుడు గీతేదో తెలియలేదు! సంతలో పాలవాడు నయం కదరా, వాడు తక్కువ పోస్తాడు గాని ఎక్కువ పొయ్యడు!" అన్నీ విన్నాను. ఆ సాయంత్రం పార్కు చుట్టూ తిప్పి తెచ్చి పెట్టేదాకా అంటూనే ఉన్నాడు. పళ్ళు బిగించుకున్నాను. అయితే మొన్నటి ఆ మౌనం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఆదివారం పొద్దున కమిటీ దిగింది. సెక్రటరీ గారు ముందు, వెనక ముగ్గురు నలుగురు, టీచరమ్మ. హోటలాయన టేపు చంకలో పెట్టుకుని పక్కగా నిలబడ్డాడు. బావ అట్టముక్క బయటకి లాగాడు. అక్క మెట్ల మీద ఆగిపోయింది.

సెక్రటరీ గారు మోకాలు కిర్రుమనిపిస్తూ వంగాడు. అట్ట అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వేలితో రాసి ఆ వేలు వెలుతురులో చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అట్ట వాసనే," అన్నాడు. "శుభ్రంగా ఉంది."

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. బావ అట్టని గుండెకి హత్తుకున్నాడు, డిగ్రీ కాగితం హత్తుకున్నట్టు. హోటలాయన టేపు జేబులో పెట్టుకుని, "పోన్లెండి. ఒకసారి ఎక్కించుకోండి మరి, ఎక్కాలని ఎప్పట్నుంచో ఉంది," అన్నాడు. మంచివాడే పాపం.

"అందరూ ఎక్కండి! సెక్రటరీ గారూ, మీరు ముందు!" అని తలుపులన్నీ తీసేశాడు బావ. ఎవరెక్కడ కూర్చోవాలో తోసుకుంటుంటే, అక్క వచ్చి ఒక్క మాట లేకుండా వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. కూర్చుని, "సవతి మీద సవారీ, ఖర్మ," అంది. బావ ఇంజిను వేసి, చెయ్యెత్తి ముందద్దం కొంచెం సర్దాడు. నిజానికి అంతకుముందు ఆ అద్దాన్ని ఎవరూ కదిలించింది లేదు. పార్కు చుట్టూ ఒక తిప్పు అనుకున్నది మూడు తిప్పులయింది. గేర్లు వెన్నలా పడుతున్నాయి. సెక్రటరీ గారు హారను తనే కొట్టాడు, మొహం నిండా నవ్వుతో.

అందరూ దిగి వెళ్ళిపోయాక బావ బానెట్టు లేపాడు. "నీ కొలత మీద నమ్మకం లేదు," అని పుల్ల తీసి చూసి తలాడించాడు. మళ్ళీ పెట్టబోతూ ఆగాడు. గొట్టం మూతి కింద, నా కంటికి ఆనని చోట, ఇంకో ఆవగింజ అతుక్కుని ఉంది. గోటితో తీశాడు. అరచేతిలో పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏరా," అన్నాడు మెల్లగా, "నీ షెడ్డులో పోపులు కూడా పెడతావా?"

నేను గోడ వైపు చూశాను.

బావ ఆవగింజని జేబురుమాలు మూల ముడివేసి చొక్కా జేబులో, గుండె వైపు, పెట్టుకున్నాడు. అప్పుడు మెట్ల వైపు తిరిగి, పై అంతస్తుదాకా వినబడేలా గొంతెత్తాడు:

"ఏమోయ్! నీ తమ్ముడికి కొలతలు రావు! ఇలాంటివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు!"

"మా తమ్ముణ్ణేమీ అనకండి!" అని పైనుంచి అక్క గొంతు. "మీ సవతి సేవకి వాడి ఒళ్ళు హూనమైంది!"

"నా సవతా, నీ సవతా?"

"ఎవరిదైతేనేం, రండి పైకి, టీ చల్లారుతోంది!"

బావ నాకు కన్ను గీటి, జేబు ఒకసారి తడుముకుని, మెట్లెక్కాడు. నేను బోల్టు ఏదైనా వదులుందేమో చూస్తానని చెప్పి కారు కిందికి దూరాను. బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. అక్కడే వెల్లకిలా పడుకుని, పొడిగా ఉన్న ఆ చాంబరు వంక చూస్తూ, ఎవరికీ వినబడకుండా కడుపు పట్టుకుని నవ్వుకున్నాను.